సిక్కా పోయింది, సనద్ మిగిలింది

అమెరికాలో పాత సిక్కాలు జమ చేసే షౌక్ ఉన్నవాళ్ళు లక్షల్లో ఉన్నారు. వాళ్ళలో ఒక చిన్న గుంపు సంగతి విచిత్రంగా ఉంటుంది. వాళ్ళు వెతికేది సిక్కాల కోసం కాదు, ఒకప్పుడు ఆ సిక్కాలకు రాసిచ్చిన కాగితాల కోసం. కాగితం మీద సిక్కా తస్వీర్ ఉంటుంది, నంబరు ఉంటుంది, తారీఖు ఉంటుంది. సిక్కా మాత్రం ఎప్పుడో చేతులు మారి ఎటో వెళ్ళిపోయి ఉంటుంది. అయినా ఆ కాగితాన్ని పైసలిచ్చి కొంటారు, జాగ్రత్తగా ఫైల్లో పెట్టుకుంటారు.

వినగానే నవ్వొస్తుంది. దుల్హన్ లేదు, దూల్హా లేడు, నిఖానామా ఒక్కటే దాచుకున్నట్టుంది యవ్వారం. కానీ ఆ షౌక్ పిచ్చిది కాదని నా రాయ్. సందూకుల్లో నాలుగు హాలీ రూపాయలో, ఒక అష్రఫీయో దాచుకున్న మన ఖాందాన్లు దాని నుంచి నేర్చుకోవలసింది ఉంది. ఆ మాట చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ముందు ఆ కాగితం కథ చూద్దాం. అమెరికన్ న్యూమిస్మాటిక్ అసోసియేషన్ అని అక్కడ సిక్కాల షౌకీన్ల అంజుమన్ ఒకటుంది. 1891లో పుట్టింది. 1960ల నాటికి బజార్లో నఖ్లీ సిక్కాలు బాగా పెరిగిపోయాయి. మొత్తం నఖ్లీ చేస్తే సులువుగా దొరికిపోతారు కాబట్టి కొందరు ఉస్తాదులు ఇంకో దారి పట్టారు. అసలీ సిక్కా తీసుకుని దానికి ఒక్క అక్షరం అతికిస్తారు, అంతే. 1916లో డెన్వర్ టంకసాలలో కొట్టిన పది సెంట్ల బిళ్ళలు 2,64,000 మాత్రమే. వాటి మీద చిన్న 'డి' అక్షరం ఉంటుంది. అదే సాలు వేరే టంకసాలలో కొట్టిన మామూలు బిళ్ళకు ఆ 'డి' అతికిస్తే కీమత్ ఎన్నో రెట్లు పెరిగిపోతుంది. కొనేవాడికి ఆ ఫరక్ కంటికి కనపడదు.

ఈ ధోకాను ఆపడానికి ఆ అంజుమన్ 1972లో ఎనాక్స్ అనే పరీక్షా విభాగం పెట్టింది. మీ సిక్కా పంపితే అక్కడి జానకార్లు పరీక్షించి, అసలీ అయితే రెండు వైపులా తెలుపు నలుపు ఫోటో తీసి, కాగితానికి అతికించి, నంబరు వేసి పంపేవాళ్ళు. సిక్కా సిక్కాగానే మీ చేతికి తిరిగొచ్చేది. గవాహీ కాగితం మీద, సిక్కా మీ అరచేతిలో.

1979 నుంచి ఆ కాగితం మీద దర్జా కూడా రాయడం మొదలుపెట్టారు. సిక్కా ఎంత అరిగింది, ఎంత తాజాగా ఉంది అని 70కి ఎన్ని అన్న లెక్క. అప్పట్లో ముందు వైపుకు ఒకటి, వెనక వైపుకు ఒకటి, రెండు దర్జాలు విడివిడిగా రాసేవాళ్ళు. ముఖం 63, వీపు 65 అన్నట్టు. ఇవాళ ఆ రివాజు పోయింది. రెండు వైపులకూ కలిపి ఒకే నంబరు ఇస్తున్నారు.

ఆ కాగితానికి ఒక పెద్ద కమ్జోరీ ఉండేది. సిక్కా వేరు, కాగితం వేరు. చెడ్డ నియ్యత్ ఉన్నవాడు మంచి సిక్కాను అమ్ముకుని, దాని కాగితాన్ని దాదాపు అలాగే ఉన్న ఇంకో నాసిరకం సిక్కాకు జత చేసేవాడు. చిన్న తెలుపు నలుపు ఫోటోలో అంత సన్న ఫరక్ పట్టుకోవాలంటే భూతద్దం కావాలి, సబర్ కావాలి. అందుకే 1986లో పీసీజీఎస్ అనే కంపెనీ, 1987లో ఎన్‌జీసీ అనే కంపెనీ సిక్కాను గట్టి ప్లాస్టిక్ డబ్బీలో పెట్టి సీలు వేయడం మొదలుపెట్టాయి. డబ్బీ మీదే దర్జా, డబ్బీలోనే సిక్కా. పగలగొట్టకుండా రెండింటినీ విడదీయలేరు. బజారుకు అది నచ్చింది. ఎనాక్స్ కూడా 1989లో డబ్బీల దారికి వచ్చింది. 1990లో ఆ అంజుమన్ ఎనాక్స్‌ను అమ్మేసింది. ఫోటో కాగితాల జమానా అలా ముగిసింది.

డబ్బీలు వచ్చాక ఎంతోమంది తమ సిక్కాలను పాత కాగితాల నుంచి విడదీసి కొత్త కంపెనీలకు పంపుకున్నారు. కాగితాలు యతీములైపోయాయి. ఇవాళ షౌకీన్లు వెతుకుతున్నది ఈ యతీము కాగితాలను, కాగితంతో పాటు ఇంకా కలిసే ఉన్న అరుదైన జోడీలను కూడా.

వాటిలో వాళ్ళకేం కనిపిస్తోంది? నాకర్థమైనంతలో మూడు సంగతులు.

మొదటిది, ఆ ఫోటో ఒక గవాహ్. ఏ రెండు సిక్కాలూ సరిగ్గా ఒకేలా అరగవు. ఒకదానికి చెంప మీద గీత, ఇంకోదానికి అంచున చిన్న గంటు. 1980లో తీసిన ఫోటోలో ఆ గీత ఉంటే, ఇవాళ మన చేతిలో ఉన్న సిక్కాకు అదే చోట అదే గీత ఉంటే, ఇది అదేనని తేలిపోతుంది. అంతేకాదు, ఫోటోలో లేని గీత ఇవాళ ఉందంటే ఈ మధ్యలో ఎవరో దాన్ని పాడుచేశారనీ తెలుస్తుంది.

రెండోది, అది ఒక తారీఖు వేసిన రాయ్. అంజుమన్ 1977లో దర్జాల కితాబు వేసినప్పుడు, వాడని సిక్కాలకు 60, 65, 70 అనే మూడు మెట్లే పెట్టారు. మధ్యలో మెట్లు పెరుగుతూ పోయి, 1986 నాటికి 60 నుంచి 70 దాకా మొత్తం 11 మెట్లు అయ్యాయి. కాబట్టి 1979 కాగితం మీది 65, ఇవాళ్టి 65 ఒకటి కావు. పాతకాలపు 65ను ఇవాళ పంపితే 63 రావచ్చు, ఒక్కోసారి 66 కూడా రావచ్చు. సిక్కా మారలేదు, చూసే నజర్ మారింది. పాత కాగితం ఆ మార్పును పట్టిస్తుంది.

మూడోది, వాటిలోని వింత. ఇన్‌సాబ్ అని ఇంకో సంస్థ ఉండేది, అదీ ఫోటో కాగితాలు ఇచ్చేది. 1990 ప్రాంతంలో కంప్యూగ్రేడ్ అనే కంపెనీ వచ్చింది. మనుషుల కళ్ళను నమ్మలేం, కంప్యూటర్‌తో దర్జా ఇస్తామంది. దాని డబ్బీల మీద 64 అని ఉండదు, 64 పాయింట్ ఎంతో అని దశాంశాలతో ఉంటుంది. ఎక్కువ కాలం నడవలేదు. ఇవాళ ఆ డబ్బీలనూ, పీసీజీఎస్ మొదటి రోజుల్లో చేసిన డబ్బీలనూ వాటి కోసమే కొనేవాళ్ళున్నారు. ఆ మొదటి డబ్బీల్లో సిక్కా వదులై గిలక్కాయలా చప్పుడు చేసేది. అందుకే వాటికి రాట్లర్ అనే పేరు పడింది.

ఈ మూడింట్లో నాకు ముఖ్యమనిపించేది రెండోది. సిక్కా మీద వేసే నంబరును మనం తరాజులో తూచినట్టు అనుకుంటాం. బంగారం పది గ్రాములు ఎంత పక్కాయో 65 అంత పక్కా అనుకుంటాం. అది తూకం కాదు, రాయ్. ఆ 70 లెక్క పుట్టిందే ఒక మనిషి బుర్రలోంచి. విలియం షెల్డన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1949లో అమెరికా తొలి సెంట్ల మీద కితాబు రాశాడు. బాగా అరిగి, ఏ సిక్కాయో గుర్తుపట్టడానికి మాత్రం వీలైనదాని కీమత్ ఒక డాలర్ అనుకుంటే, అన్నిటికన్నా మేలైనది 70 డాలర్లు పలకాలన్నాడు. 1794 నాటి సెంట్ల ధరలు చూసి వేసుకున్న బజారు లెక్క అది. ఆ ధరలు కొన్నాళ్ళకే తప్పాయి గానీ నంబర్లు నిలిచిపోయాయి, ప్రపంచమంతా పాకిపోయాయి. ఆ తరాజు చేసిన షెల్డన్, న్యూయార్క్‌లోని అమెరికన్ న్యూమిస్మాటిక్ సొసైటీ ఖజానాలోని మేలైన సెంట్లను తీసుకుని, వాటి చోట తన నాసిరకం సెంట్లను పెట్టేశాడని ఆయన పోయాక తేలింది. ఆ పంచాయితీ అదాలత్ దాకా వెళ్ళింది. ఆయన దర్జాల లెక్క బేకార్ అని నేననడం లేదు, దాంతో ఎన్నో ధోకాలు ఆగాయి కూడా. కానీ నంబరు వెనక మనుషులుంటారు, వాళ్ళకు బలహీనతలుంటాయి అని మరిచిపోకూడదు. పాత ఫోటో కాగితం ఆ సంగతి దాచదు. ఫలానా రోజున మేం చూశాం, మాకు ఇలా అనిపించింది అంటుంది. దాని ఈమాన్‌దారీ అదే.

ఇప్పుడు మన ఇళ్ళకు వద్దాం.

సనద్ అనే మాట మనకు కొత్త కాదు. జాగీరుకు సనద్, ఇనాం భూమికి సనద్, ఉస్తాద్ దగ్గర చదువు పూర్తి చేసినవాడికి సనద్. సిక్కాకు కూడా మన దగ్గర ఒక రకం సనద్ ఉండేది. సరాఫు వెండి రూపాయిని పరీక్షించి, సరైనదే అనిపిస్తే దాని మీద చిన్న ముద్ర కొట్టేవాడు. పాత రూపాయల మీద ఇలాంటి గుర్తులు రెండో మూడో కనిపిస్తే, అది అన్ని దుకాణాల గల్లాలు తిరిగి, అన్నిచోట్లా ఖరా అనిపించుకుందని అర్థం. ఇవాళ అదే రూపాయిని గ్రేడింగ్‌కు పంపితే చాలాసార్లు ఆ ముద్రలను దెబ్బ కిందే జమకడతారు. నాటి సరాఫు గవాహీ నేటి జానకార్ దగ్గర ఐబ్ అయింది.

మన ఇళ్ళలో ఉండే సిక్కాలకు ఇంకో రెండు ఐబులు కూడా దాదాపు తప్పవు. దాదీలు అష్రఫీలకు కడియం అతికించి హారం చేయించుకున్నారు. ఆ కడియం తీసేసినా అతుకు గుర్తు పోదు. పండగ పండగకీ వెండి రూపాయలను చింతపండుతోనో బూడిదతోనో తళతళలాడేట్టు తోమారు. గ్రేడింగ్ కంపెనీలు వీటికి మామూలు నంబరు ఇవ్వవు. నగ నుంచి తీసింది, తోమింది అని రాసి పక్కన పెడతాయి. వాళ్ళ ఉసూలు ప్రకారం అది సరైనదే. టంకసాల నుంచి వచ్చినప్పటి రూపం ఎంత మిగిలిందన్నదే వాళ్ళ సవాల్. మన సవాల్ వేరు. ఆ సిక్కా మన ఇంట్లో ఎలా బతికిందన్నది మనకు కావాలి. ఆ రెండో సవాల్‌కు ఏ కంపెనీ జవాబు ఇవ్వదు. ఇవ్వగలిగింది ఆ ఇంటి పెద్దలే.

అసలు నుక్సాన్ ఇక్కడే జరుగుతోంది. దాదీ ఉన్నంతకాలం ఏ రూపాయి ఏ షాదీలో ఎవరిచ్చిందో ఆమెకు తెలుసు. ఆమె పోయాక పిల్లలకు మిగిలేది ఒక గుడ్డ మూట. అందులో చార్మినార్ బొమ్మ ఉన్న బిళ్ళలు, తాజ్ పెట్టుకున్న రాజు బొమ్మ ఉన్న బిళ్ళలు కలిసిపోయి ఉంటాయి. మన పిల్లల్లో చాలామంది తెలుగు మీడియమో ఇంగ్లీషు మీడియమో చదివారు. ఇంట్లో ఉర్దూ మాట్లాడతారు గానీ చదవడం రాదు. సిక్కా మీద రాసింది చదివి చెప్పేవాళ్ళుండరు. చివరికి వారిసుల మధ్య హిస్సా పంచుకోవాల్సి వచ్చి, వెండి దుకాణంలో తూకానికి వేసేస్తారు. ఆ రోజుతో ఆ సిక్కా ఖతం. కరిగిపోతే రూపం పోతుంది. కరగకపోయినా దాని కథ పోతుంది. అమెరికా షౌకీన్ల దగ్గర సిక్కా పోయి సనద్ మిగిలింది. మన దగ్గర సనద్ ఎప్పుడూ లేదు, సిక్కా కూడా పోతోంది.

అయితే అన్నీ మూటగట్టి గ్రేడింగ్‌కు పంపేద్దామా అని అడుగుతారు. తొందర వద్దు. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్ళు దాటిన సిక్కాను మామూలు మనుషులు దేశం దాటించకూడదు. మహబూబ్ అలీ పాషా హుకూమత్ 1911లో ముగిసింది, కాబట్టి ఆయన సిక్కాలన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. ఉస్మాన్ అలీ ఖాన్ తొలి ఏళ్ళ సిక్కాలూ అంతే. దుబాయిలోనో షికాగోలోనో ఉన్న భాంజా సెలవులకొచ్చి, మామూజాన్, అక్కడ మంచి కీమత్ వస్తుంది, సూట్‌కేసులో పెట్టుకెళ్తా అంటే వద్దని చెప్పండి. ఇక ప్లాస్టిక్ డబ్బీ మీద గుడ్డి నమ్మకం కూడా వద్దు. సిక్కాలకే కాదు, డబ్బీలకు కూడా నఖ్లీలు వచ్చాయి. అందుకే పెద్ద కంపెనీలు నంబరు కొడితే తమ వెబ్‌సైట్లో వివరాలు చూసుకునే ఏర్పాటు చేశాయి, పీసీజీఎస్ డబ్బీలో చిప్ కూడా పెడుతోంది. ఫోటో కాగితాన్ని ఓడించిన డబ్బీ కూడా చివరికి మళ్ళీ ఫోటో గవాహీనే అడుగుతోంది.

డబ్బీ అస్సలు వద్దని నేననను. అరుదైన సిక్కా అనీ, మంచి హాలత్‌లో ఉందనీ జానకారు చెబితే, అమ్మే ఇరాదా కూడా ఉంటే, కొనేవాడికి యకీన్ కలగడానికి డబ్బీ పనికొస్తుంది. మామూలు హాలీ రూపాయికి ఆ ఖర్చు దండగ.

అంతకన్నా ప్రమాదం ఝూటా సనదులు. 786 నంబరున్న నోటుకు లక్షలిస్తామని ఫోన్లొస్తాయి. ముందు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టండంటారు. పాత నోట్లు, సిక్కాల కొనుగోళ్ళకు తన పేరు వాడుకుని ఫీజులు, కమీషన్లు వసూలు చేస్తున్నారని, తనకు ఆ వ్యవహారాలతో సంబంధం లేదని రిజర్వు బ్యాంకే 2021 ఆగస్టులో హెచ్చరించింది. మక్కా మదీనా బొమ్మలతో, ఎప్పటిదో సాలు వేసి, పురాతన సిక్కా అని అమ్మే బిళ్ళలున్నాయి. వాటికి రంగు రంగుల సర్టిఫికెట్ కూడా జత చేస్తారు. సనద్ కీమత్ దాని మీద ఉన్న మొహరును బట్టి రాదు. దస్తఖత్ చేసినవాడెవరో, అతను తర్వాత మనకు జవాబు చెప్పుకుంటాడో లేదో, దాన్ని బట్టి వస్తుంది.

కాబట్టి నేను చెప్పేది ఒక్కటే. ఎవరి ఇంటి సనద్ వాళ్ళే రాసుకోండి. ఎనాక్స్ చేసిన పనే, అంతకన్నా నిండుగా.

పగటి వెలుతురులో సిక్కాకు రెండు వైపులా ఫోటో తీయండి, అంచు కూడా కనిపించేలా ఒకటి. పక్కన స్కేలు పెట్టండి. నగల దుకాణంలోని తరాజు మీద గ్రాముల్లో తూకం చూసి రాయండి. చార్మినార్ రూపాయి 11.18 గ్రాముల దగ్గర ఉండాలి, ఇంగ్రేజుల కల్దార్ రూపాయి 11.66 దగ్గర. అరుగుదలకు కొంచెం తగ్గొచ్చు, మరీ ఫరక్ ఉంటే అనుమానించండి. ఆ రెండు రూపాయల మధ్య మారకం ఆరు కల్దార్లకు ఏడు హాలీలు ఉండేదని కూడా పిల్లలకు చెప్పండి. మనకొక సొంత సిక్కా నడిచిందని, 1959 దాకా కనిపించిందని వాళ్ళకు తెలియాలి.

సిక్కా మీది హిజ్రీ సాలు చదివించి రాయండి. దాన్ని 0.97తో గుణించి 622 కలిపితే ఇంచుమించు ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. 1321 అని ఉంటే 1903 అన్నమాట. చార్మినార్ కమాను మధ్యలో చిన్న అక్షరం ఉంటుంది. మీమ్ ఉంటే మహబూబ్ అలీ పాషాది, ఐన్ ఉంటే ఉస్మాన్ అలీ ఖాన్‌ది. వెనకవైపు ఫర్ఖుందా బునియాద్ హైదరాబాద్ అని టంకసాల పేరు కనిపిస్తుంది. మసీదులో మౌల్వీ సాబో, ఉర్దూ చదవడం వచ్చిన నానాజానో పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని చదివిస్తే సగం పని అయిపోతుంది.

ఆ తర్వాత అసలు మాట రాయండి. ఈ సిక్కా ఇంట్లోకి ఎలా వచ్చింది, మెహర్‌లో వచ్చిందా, సలామీలో వచ్చిందా, ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వచ్చింది. తెలియకపోతే తెలియదని రాయండి, కల్పించొద్దు. కడియం ఎవరు పెట్టించారో, ఎవరు తోమేవారో తెలిస్తే అదీ రాయండి. అది ఐబ్ కాదు, హిసాబ్. తారీఖు వేసి ఇంటి పెద్దలు ఇద్దరు దస్తఖత్ చేయండి. ఉర్దూలో ఒకటి, తెలుగులో ఒకటి రాయండి, ఎందుకంటే రేపు చదవాల్సినవాళ్ళు తెలుగే చదువుతారు. ఒక నకలు వేరే ఇంట్లో ఉంచండి.

ఇక మీదట తోమొద్దు. మెత్తని పీవీసీ ప్లాస్టిక్ కవర్లలో పెట్టొద్దు, కొన్నేళ్ళకు అవి సిక్కా మీద పచ్చటి జిగురు వదులుతాయి. ఒక్కొక్కటి విడిగా మంచి కాగితం కవర్లో పెట్టి, ఆ కవర్ మీద సనద్ నంబరు వేయండి. సిక్కా నుంచి కాగితం విడిపోకుండా చూసుకోవడం మన పని. అమెరికా వాళ్ళు తప్పింది అక్కడే.

రేపు ఆ సిక్కా అమ్మాల్సి వచ్చినా పరవాలేదు. అవసరాలు ఎవరికి ఉండవు, షాదీలుంటాయి, ఆస్పత్రులుంటాయి. అప్పుడు కూడా ఆ కాగితం సిక్కాతో పాటే వెళ్ళనివ్వండి, నకలు మాత్రం మీ దగ్గర ఉంచుకోండి. కొన్నవాడికి యకీన్ దొరుకుతుంది. మీ పోతా పోతీలకు చూపించడానికి తస్వీరూ, దాదీ పేరూ మిగులుతాయి.